బానెట్ మీద బూడిద

పెళ్ళైన కొత్తలో మేము తార్నాకలో ఒక ఇంటి వెనకవైపు రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. అరవయ్యో దశకం చివరి రోజులవి. నా భర్త యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. నేను భువనగిరి దగ్గర పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. పట్నం వచ్చి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు.

ముందు వాటాలో ఇంటివాళ్ళు ఉండేవారు. కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన క్రైస్తవ దంపతులు. ఆయన యూనివర్సిటీలో చరిత్ర చెప్పేవారు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోవడంతో రెండేళ్ళ కిందట ఉద్యోగం మానేశారు. ఆవిడ సికింద్రాబాదులో ఒక బడిలో టీచరు. ఆయన్ని సార్ అనీ, ఆవిడను టీచరమ్మ అనీ పిలిచేవాళ్ళం. వాళ్ళకొక చిన్న నల్లకారు ఉండేది. సార్ నడపలేకపోయాక టీచరమ్మ యాభయ్యేళ్ళ వయసులో నడపడం నేర్చుకున్నారు. కారు కడిగే పని మాత్రం సార్ ఎవరికీ ఇవ్వలేదు.

ప్రతి శనివారం ఆయన ఎడమచేత్తో సగం బకెట్ నీళ్ళు మోసుకొచ్చేవారు. గుడ్డ పిండడానికి రెండు చేతులు కావాలి కదా. ఆయన దాన్ని కుళాయికి చుట్టి, రెండు కొసలూ ఒక్క గుప్పిట్లో పట్టి మెలితిప్పేవారు. తొమ్మిదింటికి మొదలుపెడితే పన్నెండు దాటేది. వంటింటి కిటికీలోంచి చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఒకసారి ఉండబట్టలేక, "నేను కడుగుత సార్" అన్నాను.

"వద్దమ్మా, నాకిదొక కాలక్షేపం" అన్నారు నా వైపు చూడకుండా.

ఒక శనివారం ఆయనకు జ్వరం తగిలింది. మరునాడే మల్కాజ్‌గిరిలో టీచరమ్మ చెల్లెలి కూతురి పెళ్ళి. పెళ్ళికూతుర్ని ఈ కారులోనే చర్చికి తీసుకెళ్ళాలి. టీచరమ్మ ఒంటిపూట బడికి బస్సులో వెళ్ళారు. సార్ లోపల దుప్పటి కప్పుకుని పడుకున్నారు. కారు చూస్తే వారం రోజుల దుమ్ముతో ఎర్రగా ఉంది.

ఇప్పుడు కాకపోతే ఎప్పుడు చేస్తాను అనిపించింది. బిందెలు తోమడంలో మా ఊళ్ళో నాకు పేరుండేది. నేను తోమిన ఇత్తడి బిందెలో ముఖం చూసుకోవచ్చనేవాళ్ళు. చింతపండు నానేసి, పొయ్యిలో బూడిద తీసి, కొబ్బరి పీచు పట్టుకుని బయల్దేరాను. కొంగు నడుముకు దోపి బానెట్ దగ్గర మొదలుపెట్టాను. చెయ్యి నొప్పి పుట్టేదాకా గుండ్రంగా రుద్ది, పైనుంచి నీళ్ళు పోశాను. నల్లగా నిగనిగలాడింది. సార్ లేచి చూస్తే ఎంత సంబరపడతారో అనుకుంటూ రెండు పక్క తలుపులు కూడా తోమేశాను.

తలుపుల మీద నీళ్ళు పోసి వెనక్కి తిరిగేసరికి బానెట్ ఆరుతోంది. ఆరిన చోటల్లా తెల్లగా సాలెగూడులా గీతలు తేలుతున్నాయి. బూడిద మిగిలిందేమోనని ఇంకో చెంబు నీళ్ళు పోశాను. గీతలు మాయమయ్యాయి. ఎండకు ఆరగానే మళ్ళీ వచ్చాయి. ఇలా ఎన్ని చెంబులు పోశానో లెక్కలేదు. పోస్తూ ఉన్నంతసేపే అది బాగుండేది. చివరికి చెంబు కింద పెట్టి కారు పక్కనే కూలబడ్డాను.

ఆఫీసు నుంచి నా భర్త వచ్చి సైకిల్ దిగకుండానే ఆగిపోయాడు.

"ఏంది గిది? ఏం చేసినవ్?"

"కడిగిన."

"గిట్ల కడుగుతరా? ఇల్లు ఖాళీ చెయ్యుమంటరు. నువ్వు లోపలికి నడువు, సార్‌కు నేను చెప్త."

"నేనే చేసిన, నేనే చెప్త" అంటూ లేచి నిలబడ్డాను.

మా మాటలు విని సార్ శాలువా కప్పుకుని వరండాలోకి వచ్చారు. మెట్లు దిగి, బానెట్ మీద ఎడమ అరచేత్తో మెల్లగా నిమిరారు.

"దేంతో తోమావమ్మా?"

"బూడిద, పీచు సార్. చింతపండు గూడ."

"చింతపండు కూడానా?" అన్నారు. నవ్వారో, నిట్టూర్చారో తెలియలేదు. వెళ్ళి మెట్టు మీద కూర్చున్నారు. నేను ఏడుస్తూ నిలబడ్డాను. ఆయనే అన్నారు.

"తప్పు నాదేనమ్మా. ఆ వేళ కడుగుతానని నువ్వడిగావు. సరేనని ఉంటే ఎలా కడగాలో చెప్పేవాణ్ణి. నాకు చేతకావడం లేదని ఒప్పుకోవడం ఇష్టంలేక వద్దన్నాను."

అంతలో టీచరమ్మ వచ్చారు. గేటు దగ్గరే చేతిలో సంచి జారవిడిచారు. "అయ్యో అయ్యో! రేపు పిల్లని ఎక్కించాలి కదా! ఎవరు చెయ్యమన్నారు నిన్ను?" అని నా మీద గట్టిగానే కేకలేశారు.

"నువ్వు నేర్చుకునేటప్పుడు కారుని గేటుకి గుద్దావు. నేనేమైనా అన్నానా?" అన్నారు సార్.

"అనకపోవడమేంటి? రెండ్రోజులు నాతో మాట్లాడలేదు!"

సార్ ఒప్పుకున్నట్టు తలూపారు. టీచరమ్మ నా ముఖం చూసి, తన కొంగుతో నా కళ్ళు తుడిచారు.

అడిక్‌మెట్‌లో కార్లకు రంగు వేసే షెడ్డు ఒకటుండేది. గీతలు తగ్గించే ముద్దలాంటి మందు అక్కడ దొరుకుతుందని సార్ చెబితే, నా భర్త అన్నం కూడా తినకుండా సైకిల్ మీద వెళ్ళి తెచ్చాడు. ఎండలో ఆ పని చెయ్యకూడదట. కారును వేపచెట్టు నీడలోకి నెట్టాలి. సార్ లోపల కూర్చుని ఎడమచేత్తో స్టీరింగు పట్టుకున్నారు. మేం ముగ్గురం వెనక నుంచి నెట్టాం. రెండేళ్ళ తర్వాత ఆయన ఆ సీట్లో కూర్చున్నారని టీచరమ్మ నా చెవిలో చెప్పారు.

ఆ మధ్యాహ్నం ఆయన కుర్చీలో కూర్చుని చెబుతుంటే మేం చేశాం. ముందు నీళ్ళు పోసి బూడిద రవ్వ కూడా లేకుండా దింపాలి. సబ్బు నీళ్ళతో పైనుంచి కిందికి కడగాలి. తోలు ముక్కతో అద్ది ఆరబెట్టాలి. తర్వాత ఆ మందును మెత్తటి పాత బనియన్ గుడ్డతో కొద్దికొద్దిగా రుద్దాలి. చివరగా మెరుపు కోసం మైనం రాయాలి. నేను డబ్బాలోంచి గుప్పెడు తీయబోతే సార్ కంగారుగా, "అంత వద్దమ్మా, దోసె పెనానికి నూనె రాసినట్టు పల్చగా!" అన్నారు. రాసిన మైనం మసకబారాక, పొడి గుడ్డతో తుడిస్తే కింద నుంచి నలుపు తేలింది. టీచరమ్మ ఒక తలుపు, నా భర్త ఒక తలుపు, నేను బానెట్. సార్ కూడా కుర్చీ జరుపుకుని దీపాల చుట్టూ తుడిచారు. జ్వరం సంగతి అందరం మరిచిపోయాం.

గీతలు పూర్తిగా పోలేదు. పక్కగా వెలుతురు పడితే కనిపించేవి. మరునాడు టీచరమ్మ బానెట్ మీద మామూలుకంటే రెండింతల పూలు కట్టించారు. పెళ్ళిలో ఎవరూ ఏమీ అడగలేదు.

తర్వాత శనివారం సార్ తనే వచ్చి మా తలుపు తట్టారు. "వస్తావా అమ్మా? బూడిద మాత్రం తేకు" అన్నారు. ఆ రోజు నుంచి గుడ్డలు పిండే పని నాది, తుడిచే పని ఆయనది. గంటలో అయిపోయేది. మిగిలిన పొద్దంతా ఆయన పాత నవాబుల కథలు చెబుతుంటే వినేదాన్ని. మెల్లగా ఇంకొన్ని మార్పులు వచ్చాయి. వరండాలో అందరూ చూస్తుండగానే టీచరమ్మ చేత చొక్కా గుండీలు పెట్టించుకునేవారు. సాయంత్రాలు నా భర్త మోచెయ్యి పట్టుకుని రోడ్డు చివరిదాకా నడిచేవారు.

ఒక శనివారం కారు తుడవడం అయ్యి, మధ్యాహ్నం టీచరమ్మా నా భర్తా ఇంటికి వచ్చాక, "యూనివర్సిటీ వైపు పోదామా?" అన్నారు సార్. ఉద్యోగం మానేశాక ఆయన అటు వెళ్ళనే లేదు. టీచరమ్మ వెంటనే తాళాలు తెచ్చారు. మేమిద్దరం వెనక కూర్చున్నాం. ఆయన పాఠాలు చెప్పిన పెద్ద రాతి భవనం మెట్ల ముందు కారు ఆగింది. సార్ దిగి పైకి చూస్తూ నిలబడ్డారు. ఆయన దగ్గర పనిచేసిన ముసలి అటెండరు దూరం నుంచి గుర్తుపట్టి, గబగబా మెట్లు దిగి వచ్చి సలాం చేశాడు.

సార్ కుడిచెయ్యి కదలలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఎడమచేత్తో సలాం చేస్తే అమర్యాద అవుతుందేమోనని రెండేళ్ళుగా ఇటు రాలేదని ఆ తర్వాత టీచరమ్మ చెప్పారు. కాసేపు తటపటాయించి ఆయన ఎడమచెయ్యే ఎత్తారు.

"మాఫ్ చెయ్ భాయ్, ఇది ఒక్కటే ఉంది" అన్నారు.

"ఏ చెయ్యైతేంది సార్" అన్నాడు అటెండరు, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని. "ఎన్ని దినాలాయె మిమ్మల్ని చూడక! గీడనే కూసోండ్రి, చాయ్ తెస్త."

మేము నలుగురం మెట్ల మీద కూర్చున్నాం. అతను కెటిల్ నిండా చాయ్ తెచ్చాడు.