రెండు నంబర్ డబ్బా

వీపనగండ్ల చుట్టుపక్కల ఎవరి బోరు మోటారు కాలినా చివరికి శాంతయ్య దుకాణానికే వస్తుంది. చదివింది ఏడో తరగతి. తక్కినదంతా విప్పి చూసి నేర్చుకున్నదే. అలాంటి మనిషిని చేతిలో పట్టే వీడియో ఆటల డబ్బా ఒకటి పరేషాన్ చేసింది.

తెచ్చింది సరోజ. వనపర్తి దవాఖానలో డయాలసిస్ చేయించుకుంటుంది. ఎడమచేతికి సూదులు పెట్టి గంటలకొద్దీ పడుకోబెడితే, డబ్బాను పొట్టమీద పెట్టుకుని కుడిచేత్తో పేకాట ఆడుకుంటుంది. అది లేని రోజు సగంలోనే సూదులు తీయమని లేస్తుంది. ఇప్పుడు దాని బ్యాటరీ ఉబ్బి, వెనక మూత లేచింది.

"రేపే పోవాలన్నా. ఇది లేకుంటే నాతోని కాదు."

శాంతయ్యకు అటక మీది డబ్బా గుర్తొచ్చింది. తెర పగిలిందని అఖిల టీచర్ వదిలేసి పోయినది. దించి చూశాడు. కంపెనీ ఒకటే. కానీ దాని పేరులో మూడు అంకె ఉంది, సరోజదాని పేరులో రెండు. పక్కన పెట్టేశాడు.

"మూడు హెచ్‌పీ స్టార్టర్ రెండు హెచ్‌పీ మోటారుకు పెడితే ఏమైతది చెల్లె? మోటారు కాలుతది. గసుంటి కాలిన మోటార్లు ఎన్నిటికి మళ్ల వైరు చుట్టిన నేను!"

హైదరాబాదులో విడిభాగాలమ్మే అరవింద్‌కు ఫోన్ చేశాడు.

"రెండు నంబర్ దానికి బ్యాటరీ పంపు తమ్మీ. మూడుదానికంటె పాతది, చిన్నది."

"పాతదెట్లయితదన్నా? మూడు వచ్చినంకనే రెండు వచ్చింది."

"ఎనక వచ్చినదానికి నంబర్ తగ్గుతదా?"

"తగ్గింది మరి."

"అంటే తాకత్ తగ్గిందా?"

"లేదన్నా, ఆటలన్నీ అవే."

"మరి ఆ నంబర్ దేనిదిరా?"

"నాకేం తెల్సు? అట్టపెట్టె మీద ఏముంటే గదే చెప్పి అమ్ముత. ఎల్లుండికి పంపిస్త."

ఎల్లుండి వస్తే ఏం లాభం? శాంతయ్య రెండు డబ్బాలనూ ముందేసుకుని తల గోక్కున్నాడు. సరోజకు నవ్వొచ్చింది.

"మా మేనత్త నాకంటె రెండేండ్లు చిన్నది. అయినా అత్తనే. మోటారైతే విప్పనిదే మాట్లాడవు, దీని పేరు పట్టుకొని కూసున్నవేంది?"

శాంతయ్యకు చురుక్కుమంది. స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.

రెండు మూతలూ తీసి చూస్తే లోపల ఒకే కొలత, ఒకే వోల్టు, బ్యాటరీకి తగిలే ఇత్తడి రేకులూ ఒకే చోట. టీచర్ డబ్బాలోని బ్యాటరీకి మీటరు పెట్టాడు. బాగానే ఉంది. సరోజ డబ్బాలో వేసి ఛార్జింగ్ పెట్టి, వేడెక్కుతుందేమోనని చాలాసేపు వేలు ఆనించే కూర్చున్నాడు. చల్లగా ఉందని నమ్మకం కుదిరాకే మూత బిగించాడు.

మర్నాడు సాయంత్రం సరోజ ఫోన్ చేసింది. "నర్సమ్మ లెవ్వమన్నా లేవలే అన్నా, ఆట నడుమల ఉండె."

"మంచిది. గానీ చెల్లె, అసలు ఆ రెండు ఏంది?"

"నాకైతే తెల్వదు."

అప్పుడే ఒక రైతు మోటారు దించి, "రెండు హెచ్‌పీ అన్నా" అన్నాడు.

శాంతయ్య దానిమీద హెచ్‌పీ రాసి కొట్టిన రేకు వైపు అనుమానంగా చూశాడు. "ఆగు. విప్పినంక చెప్త."