గురువారం పేజీలో శుక్రవారం ఉదయం

1986 జూలై 13, ఆదివారం, సాయంత్రం ఐదు గంటలు. ఖుర్సీపార్, మా ఇంటి వరండా. హాజరు: నేను, నా భార్య, పక్కింటి వదిన, విజయనగరం నుంచి వచ్చిన ఆవిడ అన్నగారు, కిరాణా కొట్టు మామయ్య. వాన లేదు. టీ రెండు విడతలు.

నా డైరీలో ఈ పేజీ మళ్ళీ తీయవలసి వస్తుందనుకోలేదు. మా పాత వీధి పిల్లలు (పిల్లలంటే వాళ్ళలోనూ చాలామందికి యాభై దాటాయి) ఫోనులో ఒక గ్రూపు పెట్టుకుని, పెద్దవాణ్ణి కదా అని నన్నూ చేర్చారు. పోయిన వారం అందులో ఒకడు అడిగాడు: పక్కింటి వదిన భర్త, మేమంతా అన్నయ్య అని పిలిచిన మనిషి, డెబ్భై తొమ్మిదిలో ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీకని టిఫిన్ క్యారియరు పట్టుకుని బయలుదేరి ఏమైపోయాడో ఎవరికైనా తెలుసా అని. భోజనాల వేళకి నలభై మూడు సందేశాలు. సన్యాసుల్లో కలిశాడని ఒకరు, మరోదాలో రెండో సంసారం ఉండేదని ఒకరు, ఏట్లో కొట్టుకుపోయాడని ఒకరు. ఆ ఏడాదికి ఇంకా పుట్టనివాడు కూడా, తన కళ్ళతో చూసినట్టు, అన్నయ్య చొక్కా రంగు చెప్పాడు. చదువుతూంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మండటానికి నాకున్న హక్కు ఎంతో కూడా చెప్పాలి కనుక ఇది రాస్తున్నాను.

మా రోజుల్లో కూడా ఊహలకి కరువు లేదు. మామయ్య కొట్లో శనగపప్పు తూచినంత సేపట్లో ఒక కొత్త ఊహ బయలుదేరేది. అందరిలోకీ మామయ్య ఊహే గట్టిగా నిలబడింది: ఆ గురువారం రాత్రే, 1979 జూలై 5న, అన్నయ్య కుమ్హారి దగ్గర పొంగిన ఏరు దాటబోయి పోయాడని. ఒక లారీ డ్రైవరు చెప్పాడట. ఏ లారీ, ఏ డ్రైవరు అని నేనడిగితే, “నీకన్నీ కాయితం మీద కావాలేటి?” అని కసిరేవాడు.

కాగితం నా దగ్గర ఉంది, అదే నా గర్వం. అన్నయ్య కనబడకుండా పోయినప్పుడు నేను మా చెల్లెలి పెళ్ళికి సెలవు మీద ఊరికి వెళ్ళాను. మూడు వారాలకి తిరిగొచ్చాక, ఆఖరుసారి ఎప్పుడు చూశావని అందరూ అడిగితే, జ్ఞాపకాన్ని నమ్మకుండా డైరీ తీశాను. జూలై 5 పేజీలో ఉంది: పొద్దున్న ఆరున్నరకి స్టేషన్ దగ్గరి రైలు గేటు అవతల అన్నయ్య కనిపించాడు, చెయ్యెత్తాడు, గూడ్సు అడ్డొచ్చింది, బండి దాటాక లేడు. ఆ ఐదో తారీకు పొద్దున్న అన్నయ్య కిరోసిన్‌కని ఆ గేటు మీదుగానే వెళ్ళాడని వదిన చెప్పింది. లెక్క సరిపోయింది. ఆ పేజీకి విలువ లేదనుకుని అందరం వదిలేశాం.

ఏడేళ్ళు గడిచాయి. ఏడేళ్ళు కబురు లేకపోతే మనిషి పోయినట్టే లెక్కని ఎవరో ప్లీడరు చెప్పాడని, వదిన అన్నగారు దర్భల కట్ట సంచిలో పెట్టుకుని దిగాడు. దర్భలతో బొమ్మ చేసి, దహనం చేసి, కర్మ జరిపించడం, అదీ ఆదివారం నాటి సమావేశం. ఆ తరవాత వదిన నుదుటి మీద బొట్టు ఉండదు. అన్నగారు చెడ్డవాడు కాదు, చెల్లెలు ఇలా వీధి వైపు చూస్తూ ముసలిదైపోతుందని ఆయన బెంగ. వదిన గుమ్మం పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుంది. మామయ్య మాత్రం ఏటి లోతు సహా వర్ణిస్తున్నాడు. విసుగెత్తి, ఆధారం లేకుండా మాట్లాడకండి అని, డైరీ తెచ్చి ఆ పేజీ మొదటినుంచీ పైకి చదివాను. పేజీ అంతా చదవడం అదే మొదటిసారి. సెలవు చీటీ జేబులో వేసుకుని ఫ్యాక్టరీలో మా షాపు నుంచి బయటపడ్డాను అన్న దగ్గర నా భార్య ఆపింది.

“ఏవండీ, సెలవు శుక్రవారం నించి గదా? చీటీ జేబులో ఉందంటే అది శుక్రవారం పొద్దున్నే.”

రాత్రి షిఫ్టు పదింటికి మొదలై మర్నాడు ఆరింటికి ముగుస్తుంది. లాగ్‌బుక్కులో ఆ ఎనిమిది గంటలూ మొదలైన తారీకు కిందే రాస్తాం. ఆ అలవాటు కొద్దీ నా సొంత డైరీ కూడా అలాగే రాసేవాణ్ణి. అంటే గేటు దగ్గర నేను చూసింది ఐదున కాదు, ఆరున. ఏట్లో కొట్టుకుపోయాడన్న రాత్రి గడిచిన తెల్లారి.

ఏడేళ్ళ క్రితం సరైన తారీకు చెప్పి ఉంటే, స్టేషన్లో ఎవరో ఒకరు అడిగి ఉండేవారు. ఆ మాట ఎవరూ అనలేదు. మామయ్య మాత్రం రెండు నిమిషాల్లో తేరుకుని, “నేను మొదట్నుంచీ రైలే అంతన్నాను గదా!” అన్నాడు.

వదిన తలెత్తి అడిగింది.

“చెయ్యెత్తేడా బాబూ?”

“ఎత్తాడు వదినా.”

“రమ్మన్నట్టా? ఎల్లొస్తానన్నట్టా?”

వాన, ఎండ, టీ విడతలు కూడా రాసే నేను అది రాయలేదు. గుర్తూ లేదు.

ఆ గేటు ఇప్పుడు లేదు. పైన వంతెన వేశారు, బళ్ళు ఆగకుండా పోతాయి. అప్పట్లో బండి దాటేదాకా పావుగంట నిలబడేవాళ్ళం, అవతల నిలబడ్డవాళ్ళ మొహాలు చూసేవాళ్ళం. ఇప్పుడు ఎవరూ ఎవరినీ చూడనక్కర్లేకుండానే అన్నీ తెలిసిపోతున్నాయి.

ఆ ఆదివారం సమావేశానికి మర్నాడు పొద్దున్న రాత్రి డ్యూటీ దిగి వస్తే గేటు వేసి ఉంది. అవతల వదిన నిలబడి ఉంది, తలంటుకుని, రూపాయంత బొట్టు పెట్టుకుని. గూడ్సు వెళ్ళింది. వదిన అక్కడే ఉంది. నేను సైకిలు నడిపించుకుంటూ దాటాక, తన అన్నగారిని తొలిబండికే పంపేశానని, దర్భలు కట్ట విప్పకుండానే తిరిగెళ్ళాయని చెప్పింది. తరవాత అంది:

“ఇక్కణ్నించి నువ్వు బాగానే కనబడతన్నావు బాబూ, కళ్ళజోడుతో సహా. ఆయన నిన్ను గుర్తుపట్టే చెయ్యెత్తేడు. ఎల్లిపోదామనుకున్నోడు ఎల్లిపోయేడు. బతికున్నోడికి పిండాలేటి, నాన్సెన్సు.”

ఆ ఇంగ్లీషు ముక్క అన్నయ్యది. నవ్వుతుందేమో అని చూశాను, నవ్వలేదు. ఇద్దరం వీధిదాకా కలిసే నడిచాం. ఆ సంగతి మాత్రం పధ్నాలుగో తారీకు కిందే రాశాను.