కప్పు నిండా పోసిన కేకు

రెండు వేల ఎనిమిదో, తొమ్మిదో అయ్యుండాలి. అప్పుడు నేను మస్కట్ పక్కన సీబ్‌లో, ఎయిర్‌పోర్టుకు దగ్గరగా ఉన్న ఒక అమెరికా వాళ్ళ విల్లాలో వంటపనీ ఇంటిపనీ చేసేదాన్ని. ఆ ఇంట్లో నేను అందరినీ సార్, మేడమ్ అనాలి. నన్ను ‘మేమ్’ అని పిలిచిన మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడు. ఆయన మా మేడమ్ వాళ్ళ నాన్న. కొన్నాళ్ళు కూతురి దగ్గర ఉండి వెళ్దామని ఫిబ్రవరిలో వచ్చాడు. వచ్చిన మర్నాడు టీ ఇస్తే కుర్చీలోంచి లేచి నిలబడి, ‘థాంక్యూ, మేమ్’ అన్నాడు. నా వెనక మేడమ్ గానీ వచ్చిందేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు.

వాళ్ళది అమెరికాలో దక్షిణం వైపట. అక్కడ ఆడమనిషిని ఎవరినైనా అలాగే పిలుస్తారని మేడమ్ చెప్పింది. పెద్దాయన మాట సాగదీసి, తీరిగ్గా మాట్లాడేవాడు. మేడమ్ ఇంగ్లీషు నాకు సగం అర్థమై సగం చేజారిపోయేది కానీ, ఆయన ఇంగ్లీషు మొత్తం అందేది. మా కడప జిల్లాలో ఉన్న ఊరి పేరు కూడా అడిగి తెలుసుకుని, పలకలేక నాలుగైదు సార్లు తంటాలు పడ్డాడు. మూడేళ్ళుగా జీతమిస్తున్న వాళ్ళకు అడగాలని తోచని సంగతి అది.

ఆయన ఒకప్పుడు తాగేవాడని నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి వారమే నాకు తెలిసిపోయింది. సార్ స్నేహితులు వచ్చి సీసాలు తెరిచిన సాయంత్రం, ఈయన తన గ్లాసు మీద అరచెయ్యి మూసి, కాసేపటికి లేచి వంటింట్లోకి వచ్చేశాడు. నా పక్కన నిలబడి గిన్నెలు తుడవడం మొదలుపెట్టాడు. అలవాటు లేనివాడైతే వద్దని చెప్పి అక్కడే కబుర్లు చెప్తూ కూర్చునేవాడు. తుడుస్తుంటే ఆయన చేతుల్లో ప్లేట్లు గలగలమంటున్నాయి. అట్లా వణికే చేతులు నాకు కొత్త కాదు. నేను సముద్రం దాటి వచ్చి పరాయి ఇంట్లో గిన్నెలు తోముతున్నదే అలాంటి చేతులున్న మా ఆయన వల్ల.

నిజం చెప్పాలంటే, నేను పెద్దాయన్ని నమ్మలేదు. తాగేవాళ్ళు మానరు, మానినట్టు నటిస్తారు, అంతే. మా ఆయన దేవుడి పటం మీద ఒట్టేసిన రోజులు ఎన్నో చూశాను. అందుకే ఆయన మంచితనం చూసి ముచ్చట పడుతూనే, ఒక కన్ను మాత్రం ఆయన మీద వేసే ఉంచాను.

ఆ నెలాఖర్లో మేడమ్ పుట్టినరోజు. చనిపోయిన వాళ్ళమ్మ ఏటా ఆ రోజుకు ఒక కేకు చేసేదట. మూడు పొరల తెల్ల కేకు. పొరల మధ్య పచ్చసొన, చక్కెర, వెన్న చిక్కగా ఉడికించి, ఎండుద్రాక్ష, కొబ్బరి, గింజలు కలిపి, ఒక కప్పు విస్కీ పోసిన ముద్ద. ఈసారి ఆ కేకు తానే చేస్తానన్నాడు పెద్దాయన. మేడమ్ ముఖం మాడిపోయింది. బేకరీలో తెప్పించుకుందాం అంది. వినకపోతే, పోనీ విస్కీ బదులు ద్రాక్షరసం పోసెయ్ నాన్నా, అలా చేసేవాళ్ళు కూడా ఉన్నారుగా అంది. ఆయన ఒప్పుకోలేదు. రసం పోస్తే అది వేరే కేకు అవుతుందన్నాడు. తండ్రీకూతుళ్ళు రెండు రోజులు ముభావంగా తిరిగారు. చివరికి మేడమే మందు కొనడానికి తనకున్న పర్మిట్ మీద ఒక సీసా తెచ్చి, అల్మారాలో పెట్టి, తాళం చెవి నా చేతిలో పెట్టింది. పెట్టిన తీరులోనే అంతా ఉంది.

నన్ను కాపలా పెట్టారని పెద్దాయన నొచ్చుకుంటాడనుకున్నాను. కేకు చేసే రోజు అందరూ ఆఫీసులకు వెళ్ళాక, ఆయనే వంటింట్లోకి వచ్చి ఆ మాట ఎత్తాడు.

“సీసా తీసేదీ, పోసేదీ, మూత పెట్టేదీ మీరే, మేమ్. దానితో నన్ను ఒంటరిగా వదలకండి. చాలా ఏళ్ళయింది. అయినా వదలకండి.”

ఒక మగవాడు, అంత వయసులో, పనిమనిషి ముందు నిలబడి అలా అడగడం నేను ఎప్పుడూ చూడలేదు. మా ఆయన ఎన్ని అబద్ధాలైనా ఆడాడు గానీ, నాకు భయంగా ఉంది, పక్కనుండు అని ఒక్కనాడు అడగలేదు. సరే సార్ అన్నాను.

ఇక ఆయన పని చూడాలి. గిన్నెలు పట్టుకుంటే వణికే చేతులు పిండిలో పడగానే కుదురుకున్నాయి. తెల్లసొనను నురగ లేచేదాకా గిలక్కొట్టి, పిండిలో వేసి గరిటెతో కిందనుంచి పైకి మడిచాడు తప్ప తిప్పలేదు. తిప్పితే గాలి పోతుందట. మా ఊళ్ళో అయితే ఈపాటికి నలుగురు చుట్టూ చేరి నాలుగు సలహాలు పారేసేవాళ్ళు. నేను నోరు మూసుకుని కొబ్బరి కోరుతూ కూర్చున్నాను. పొరలు ఓవెన్‌లోంచి తీసి, ఒక్కోదాని మీదికి వంగి చెవి పెట్టి విన్నాడు. ఒకదాన్ని మళ్ళీ లోపల పెట్టాడు. లోపల ఇంకా చిటపటమంటోంది, ఉడకలేదు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. రెండోసారి తీసినప్పుడు నన్నూ వినమన్నాడు. ఆ చిటపట, చల్లారిన చట్నీ తాలింపులా సద్దుమణిగిపోయింది. ఇన్నేళ్ళు వంట చేసి, వంటకాన్ని చెవితో చూడొచ్చని నాకు తెలియలేదు.

పొరలు చల్లారాక, మధ్యలో బొడిపెలా పొంగిన పైభాగాన్ని రంపం లాంటి కత్తితో కోసి చదును చేశాడు. కోసిన ముక్కలు పారెయ్యనివ్వలేదు. ప్లేటులో పెట్టి గుడ్డ కప్పించాడు.

అంతలో వెనక తలుపు దగ్గరికి డ్రైవర్ టీకి వచ్చాడు. జగిత్యాలవాడు. పిల్లవాడేం కాదు, నాకంటే పెద్దవాడే, అయినా నన్ను అక్కా అనేవాడు. వాడికి ఈ కేకు సంగతి ఎలా తెలిసిందో గానీ, సీసాలో మిగిలేది తనకే రాసిచ్చినట్టు పొద్దుట్నుంచీ మూడు టీలు తాగాడు. మిగిలిందాన్ని నేలపాలు చెయ్యకక్కా, పాపం తగుల్తది అని నవ్వుతున్నాడు. పో, పోయి కారు తుడుచుకో అని కసిరాను.

అల్మారా తెరిచి సీసా తెచ్చాను. పెద్దాయన పొయ్యి దగ్గర నిలబడ్డాడు, వీపు నా వైపు పెట్టి. మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నెలో పచ్చసొన, చక్కెర, వెన్న కలుపుతున్నాడు. నేను కప్పులో విస్కీ పోసి, వేలెడు వెలితి ఉంచి ఆపాను. ఆ వాసన ఎంత తక్కువైతే అంత మంచిదనిపించింది. ఆయన వెనక్కి తిరిగి, కప్పు వైపు ఒక్కసారి చూశాడు.

“నిండా పొయ్యండి, మేమ్. అంచుదాకా.”

ఇదిగో, ఆశ బయటపడింది అనుకున్నాను. అంచుదాకా పోసి గట్టు మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే పొయ్యి మంట నీలంగా రెండుసార్లు ఎగిరి ఆరిపోయింది. గ్యాస్ అయిపోయింది. పచ్చసొన సగం ఉడికి ఉంది. వీధి చివర గ్యాస్ బండల పికప్ హారన్ వినపడుతోంది. అది పోయిందంటే మళ్ళీ రేపే. చెప్పులు వేసుకుని పరుగెత్తాను. పికప్ మలుపు తిరిగిపోయింది. దాని వెంట ఇంకో వీధి పరుగెత్తి, చేతులూపి, వాణ్ణి తిట్టి, బతిమాలి వెనక్కి తిప్పించాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు, గట్టు మీద నిండు కప్పు, పక్కన మూత లేని సీసా, ఎదురుగా ఆయన. అక్కణ్ణుంచే ఇంటివైపు పరుగు పెట్టాను.

తిరిగొచ్చేసరికి వంటింట్లో ఎవరూ లేరు. కప్పు లేదు, సీసా లేదు. నా కళ్ళు ముందు సింకులోకి, తర్వాత చెత్తబుట్టలోకి పోయాయి. తాగేవాడితో కాపురం చేసినదానికి ఎక్కడెక్కడ వెతకాలో ఒకరు చెప్పక్కర్లేదు. ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. ఈయన కూడా అంతేనా అనుకుంటూ వెనక తలుపు తోశాను.

కారు షెడ్డులో డ్రైవర్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. సీసా రెండు పాదాల మధ్య ఇరికించుకున్నాడు. కప్పు రెండు చేతులతో పట్టుకుని, కదిలితే ఒలుకుతుందని ఊపిరి కూడా బిగబట్టినట్టున్నాడు. అంచుదాకా ఉంది. నేను పోసినంతా ఉంది. పెద్దాయన దొడ్డి ఆ చివర, కాగితపు పూల చెట్టు దగ్గర, గోడ వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు.

“నన్ను పిల్సి గీ రెండు చూపిచ్చి, బయటికి తీస్కపో అని చెయ్యూపిండు,” అన్నాడు డ్రైవర్. “ఏమన్నడో సమజ్ కాలే అక్కా. గని ఆయన చేతులు చూసిన. మా బాపు చేతులు గట్లనే వణికేటియి. మూతి పెట్టలే, నీ మీదొట్టు.”

వాడు ఒట్టెయ్యక్కర్లేదు. పొద్దుట్నుంచీ ఆ సీసా మీదే ప్రాణం పెట్టుకున్న మనిషి, దాన్ని పూజలో కలశంలా పట్టుకుని కూర్చున్నాడు. ఆ క్షణంలో నాకు ఇద్దరి మీదా ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. పెద్దాయన దగ్గరికి వెళ్ళి, గ్యాస్ వచ్చింది సార్ అన్నాను. చొక్కా వీపున తడిసిపోయి ఉంది. పదండి మేమ్, గుడ్లు పాడైపోతాయి అన్నాడు.

పచ్చసొన కొంచెం గడ్డలు కట్టింది. జల్లెడ పట్టి మళ్ళీ పొయ్యి మీద పెట్టాం. కలుపుతూ కలుపుతూ, గిన్నెలోంచి కన్నెత్తకుండా, ఆయన చెప్పాడు. పెళ్ళాం ఏటా ఈ కేకు కోసం విస్కీ కొని ఎక్కడో దాచేదట. ఎక్కడ దాచినా ఈయన కనిపెట్టేవాడట. కేకు చేసే రోజుకు సీసాలో అడుగున ఉన్నదేదో, దానికే ఇన్ని నీళ్ళు కలిపి పోసేదట. కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. ఆయన మానకముందే ఆమె పోయింది.

“నా భార్య ఈ కేకుని ఒక్కసారి కూడా సరిగ్గా చెయ్యలేకపోయింది, మేమ్. నావల్ల.”

నేను కప్పు తీసుకుని ఆ ముద్దలో పోశాను, చివరి చుక్క వరకు. మిగిలిన సీసా సింకులో ఒంపి నీళ్ళు వదిలాను. డ్రైవర్ కిటికీలోంచి చూసి, కారు తుడుచుకోవడానికి పోయాడు.

పొరల మధ్య ముద్ద పరిచి, పైన తెల్లటి క్రీము పూసి, డబ్బాలో పెట్టి పుట్టినరోజు దాకా, అంటే శుక్రవారం దాకా ఊరనిచ్చాం. ఆ రోజు మధ్యాహ్నం స్నేహితులంతా వచ్చారు. మేడమ్ కోసింది. ఒక ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. వాళ్ళ నాన్న ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. పరీక్ష రాసిన పిల్లలు పేపరు దిద్దే పంతుల్ని అలా చూస్తారు. అమ్మ చేసినట్టు లేదు నాన్నా అంది మేడమ్. ఆయన ముఖంలో రక్తం ఇంకిపోయింది. అమ్మ చేసినదానికంటే బాగుంది, ఏం మార్చావు అంది.

“ఏమీ మార్చలేదు,” అన్నాడు. “అమ్మ చెప్పినంత పోశాను.”

ఆ గదిలో ఆ మాటకు అర్థం నాకొక్కదానికే తెలిసింది. ఆయన నా వైపు చూసి తల ఆడించాడు. నేను ప్లేట్లు తీసుకుని గబగబా లోపలికి వచ్చేశాను.

కాసేపటికి ఆయనా వచ్చాడు. ఆయన ఆ కేకు తినడు. నేనూ తినను, ఆ వాసన తగిలింది నా గొంతు దిగదు. గుడ్డ కప్పి దాచిన ముక్కలు తీశాడు. మందు తగలని ఉత్త తెల్ల కేకు. డ్రైవర్‌ని పిలిచి ముగ్గురం టీలో ముంచుకుని తిన్నాం. పెళుసెక్కినా బాగుంది. ఆయన డ్రైవర్‌కి పెద్ద ముక్క ఇచ్చి, వీపు తట్టాడు.

ఆ పూట మా ఆయన మీద వచ్చినంత కోపం నాకు అంతకుముందెన్నడూ రాలేదు. అప్పటిదాకా అది వదలని రోగమనుకుని, ఆయన పాపం ఆయనదని ఊరుకున్నాను. వదిలించుకున్నవాడిని కళ్ళారా చూశాక ఊరుకోవడం కుదరలేదు. ఫోన్ చేసి, తిట్టాలనే చేసి, తిట్టకుండా ఈ కేకు సంగతంతా మొదట్నుంచీ చెప్పాను. గోడ వైపు తిరిగి నిలబడ్డ సంగతి కూడా చెప్పాను.

“ఆయప్ప చేతులు ఇంగా వణుకుతాండాయా?” అని అడిగాడు మా ఆయన.

“వణుకుతాండాయి,” అన్నాను. “అయినా చేసినాడు.”