గురువు గుండెల మీద తన్ను

ప్యో గీహ్వాన్ తన్నితే పక్క వీధిలో కిమ్చీ పచ్చడి జాడీలు పగులుతాయని మా సియోల్‌లో చెప్పుకుంటాం. యాభై నాలుగేళ్లు, ముప్పై పోరాట చిత్రాలు. షాట్‌కు ముందు కాలి వేళ్లు విరుచుకుంటాడు. అయ్యాక, తన్నులు తిన్నవాళ్ల వీపులు నిమురుతాడు. ఆ రోజు మా షూటింగ్‌లో ప్రతినాయకుడు మాత్రం అతనికి పోరాటం నేర్పిన డెబ్బై ఏళ్ల గురువు, నామ్‌గూంగ్. తొమ్మిదిసార్లు లేచిన కాలు తొమ్మిదిసార్లూ గురువు గుండెకు జానెడు దూరంలో ఆగిపోయింది.

"ప్యోగారూ, ఇంకోసారి ఆగితే ఆయన వేషం వేరేవాళ్లకి ఇవ్వక తప్పదండీ," అన్నాడు దర్శకుడు.

"తన్నరా ముసలి వెధవా! నేనేమన్నా గాజు బొమ్మనా?" అని గురువు కసిరాడు.

గీహ్వాన్ కళ్లు మూసుకుని తన్నాడు. ముసలాయన ఎగిరిపడి, మరి కదల్లేదు. మేమంతా కొయ్యబారిపోయాం. గీహ్వాన్ మోకాళ్ల మీద కూలి నుదురు నేలకు ఆనించాడు. లేచి, మళ్లీ ఆనించాడు. మాలో బతికున్నవారికి ఒక్క దండమే, పోయినవారికే రెండు.

శవం ఒక కన్ను తెరిచింది. "దర్శకుడు ఆపమనకుండా ఎలా లేస్తానురా? ఆ రెండో దండం వెనక్కి తీసుకో!"

గురువుకు వేషం దక్కింది. భోజనాల దగ్గర గీహ్వాన్ తన సూప్‌లోని మాంసం ముక్కలన్నీ ఏరి గురువు గిన్నెలో వేశాడు. గురువు అతని సూప్ గిన్నె కూడా లాక్కుని, "చచ్చినవాడికి ఆకలెక్కువరా," అన్నాడు.