మడవ కాపలా

మొన్న మా కాలేజీ గ్రూపులో జూనియర్లు డ్రోన్ పక్కన నిలబడి దిగిన ఫొటో పెట్టారు. ఒక్కరి చొక్కా కూడా నలగలేదు. వ్యవసాయ డిగ్రీ ఆఖరి ఏడాదిలో, పల్లెలో ఉండి రైతులకు కొత్త పద్ధతులు నేర్పి రమ్మని మమ్మల్ని అల్లూరు పక్కకు పంపినప్పుడు చేతికిచ్చింది డ్రమ్ సీడర్. దాన్ని బురదలో లాక్కుంటూ పోతే మొలకెత్తిన వడ్లు వరసగా పడతాయి, ఇక నారుతో, నాట్లతో పనిలేదు. ఒకటే షరతు: మొక్క నిలదొక్కుకునేదాకా వరి కయ్యలో నీళ్లు నిలవకూడదు.

ఆ షరతు రాసినవాళ్లు మా జిల్లా మనుషుల మంచితనాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

మేం అద్దెకున్న ఇంటి అక్క, తనకున్న ఒక్క కయ్యనూ మా చేతుల్లో పెట్టింది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండిగింజలు అందులోవే. విత్తిన మర్నాడు వెళ్లి చూస్తే కయ్య చెరువైంది, వడ్లన్నీ కొట్టుకుపోయి మూలకు చేరాయి. పక్క కయ్య పెద్దాయన ఎదురొచ్చి, "నీళ్లు పెట్టడం మర్చిపోయినట్టుండారు అబ్బయా, నేనే మడవ తీసినా" అన్నాడు, మెచ్చుకోలు కోసం చూస్తూ.

అక్క మిగిలిన విత్తనం నానబోస్తూ, "ఇదీ పోతే ఏడాదంతా కొనుక్కుని తినాల" అంది.

మళ్లీ విత్తి, కాలవనీళ్లు కయ్యలోకి వచ్చే ఆ మడవ దగ్గరే గొడుగేసుకుని కూర్చున్నాను. దొంగల భయం కాదు, దయగలవాళ్ల భయం. దారినపోయే ప్రతివాడూ సైకిల్ ఆపి పార అందుకునేవాడు. మొలకకు గాలి ఆడాలని నేను వివరిస్తే జాలిగా విని, మంచినీళ్లకు నేను లేవగానే మడవ మీదికి వంగేవాడు. శాస్త్రీయంగా నచ్చజెప్పమని మా సారు ఫోన్‌లో సెలవిచ్చారు. ఆయన ఫ్యాను కింద ఉన్నారు.

చివరికి అక్కే వచ్చి, పక్క కయ్య పెద్దాయనతో అందరికీ వినపడేలా, "మొలక తేలేదాకా నీళ్లు పెట్టనని అమ్మవారికి మొక్కుకున్నా పెదనాయనా, ఎవురూ మడవ తియ్యబాకండి" అంది. అంతే, ఊళ్లో ఒక్క పారా లేవలేదు. పైరు వరసలు కట్టింది, అక్క ఇంటికి వడ్ల బస్తాలు చేరాయి. తర్వాతి పంటకు పెద్దాయన డ్రమ్ సీడర్ అడగడానికి వచ్చి, ఆ మొక్కు ఏ అమ్మవారికో కూడా అడిగి వెళ్లాడు.

ఇప్పుడు నా ఉద్యోగం ఆ పక్కనే. సలహాలు ఫోన్‌లో పోతాయి, ఎవరి కయ్య వాళ్లది, నా పని బాగా సులువైంది. నిరుడు దారిలో నీళ్లు లేని కయ్య ఒకటి కనపడితే, బండి ఆపి మడవ తీశాను. ఎవరైనా వచ్చి నన్ను తిడతారేమోనని ఎదురుచూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఎవరూ రాలేదు.