మా ఊరి తితిక్షలు

పోయిన నెల మా బడిలో నా పదవీ విరమణ సభ జరిగింది. సభంటే పెద్ద ఆర్భాటమేం కాదు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డుకి కాస్త లోపలగా ఉన్న మా ప్రైవేటు బడి ఆవరణలో, రేకుల షెడ్డు కింద నాలుగు వరసల కుర్చీలు, గరగరమనే మైకు, ఒక శాలువా, ఉప్మా, టీ. పాతికేళ్ళు తెలుగు చెప్పినందుకు ఆ మాత్రం చాలు. మా హెడ్మిస్ట్రెస్ మైకు అందుకుని, "ఇప్పుడు తితిక్ష వచ్చి మేడమ్‌కి పూలగుత్తి ఇస్తుంది" అంది. ఏ తితిక్షో చెప్పడం మర్చిపోయింది. యూకేజీ వరసలోంచి ఒకతె లేచింది. ఐదో తరగతిలోంచి ఇద్దరు లేచారు. తొమ్మిదిలోంచి ఒకతె జడ సర్దుకుంటూ లేచింది. టీ గ్లాసులు సర్దుతున్న మా ఆయమ్మ మనవరాలు "నేనా?" అంది. ముందు వరసలో మా తోడికోడలి పక్కన కూర్చున్న ఆవిడ కూతురు కూడా సగం లేచి, చుట్టూ చూసి, మళ్ళీ కూర్చుంది. షెడ్డంతా ఒకటే నవ్వులు. నేను మాత్రం నవ్వలేదు. మా తోడికోడలి మొహం వంకే చూస్తున్నాను. ఆ మొహం ఎలా మాడిపోతుందో చూడాలని ఇరవై నాలుగేళ్ళుగా కాచుకుని కూర్చున్నదాన్ని మరి!

ఇంత కక్ష ఏమిటమ్మా అంటారా? చెబుతాను, మీరే న్యాయం చెప్పండి. మా నాన్న తెనాలి దగ్గర ఒక పల్లెటూరి బడిలో సంస్కృతం చెప్పేవాడు. నస్యం పీల్చేవాడు. ఆయన రాసిన కార్డుముక్క ఏది చేతిలోకి తీసుకున్నా ముందు తుమ్ము వచ్చేది, ఆ తర్వాతే సంగతి తెలిసేది. మా ఆయనకి ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలో లాబ్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చి మేం ఈ ఊరు చేరిన కొత్తలో, నాకు అయిదో నెలలో, నాన్న దగ్గర్నుంచి ఒక కార్డు వచ్చింది. "ఆడపిల్ల అయితే తితిక్ష అని పెట్టుకో. ఓర్పు అని అర్థం. నేను ఎవరింట్లోనూ ఈ పేరు వినలేదు. 'తిజ్' అనే ధాతువులోంచి వచ్చింది. ఆ ధాతువుకి అసలు అర్థం పదును పెట్టడం. కత్తి నూరడంలోంచి ఓర్పు ఎలా పుట్టిందో నువ్వే ఆలోచించుకో. మగపిల్లాడైతే మీ ఇష్టం." అంతే కార్డు. మగపిల్లాడి మీద ఆయనకి అంతకుమించి ఆసక్తి లేదు. ఆ కార్డు వచ్చిన పద్దెనిమిదో రోజున నాన్న పోయాడు. గుండె ఆగిందన్నారు. మనవరాలి మొహం చూడలేదు. ఆయన నాకిచ్చిపోయిన ఆఖరి వస్తువు ఆ పేరు.

మా తోడికోడలు అప్పటికి మీర్‌పేట్‌లో కాపురం. మా మరిది భార్య, నాకంటే చిన్నది. ఆవిడకీ నాకూ నెల తేడాతో నెలలు. ఆవిడ సీమంతానికి నేనే వెళ్ళి గాజులు తొడిగాను. మోచేతుల దాకా గాజులు, నోట్లో సున్నుండ, పక్కన నేను. "అక్కా, నువ్వేం పేరు అనుకున్నావే?" అని అడిగింది. నా నోటికి తాళం వేసుకోవద్దూ! నాన్న పోయిన దుఃఖంలో ఉన్నాను, ఎవరైనా అడిగితే చాలు ఆయన మాటే చెప్పాలనిపించేది. చెప్పాను. కార్డు కూడా చూపించాను. కళ్ళు పెద్దవి చేసి, "ఎంత బావుందే అక్కా" అని, ఇంకో సున్నుండ తీసుకుంది. సున్నుండతో పాటు పేరు కూడా మింగిందని నాకప్పుడు తెలియలేదు.

ముందు ఆవిడ ప్రసవించింది, ఆడపిల్ల. బారసాలకి తొమ్మిదో నెల పొట్టతో బస్సెక్కి మీర్‌పేట్ వెళ్ళాను. పళ్ళెంలో బియ్యం పోసి, మా మరిది ఉంగరంతో పేరు రాస్తున్నాడు. "తి" రాశాడు. తిలోత్తమ కాబోలు, పాత పేరైనా బావుంటుందిలే అనుకున్నాను, పిచ్చిమొహాన్ని. మళ్ళీ ఇంకో "తి" రాశాడు. "క్ష" ఆయనకి సరిగా కుదరలేదు, బియ్యం జారిపోతుంటే పురోహితుడు చెయ్యి పట్టి రాయించాడు. అందరూ అక్షింతలు వేశారు. నేనూ వేశాను, ఏం చెయ్యను! తర్వాత వంటింట్లోకి వెళ్ళి, "అదేమిటే, అది మా నాన్న చెప్పిన పేరు కదా, నా బిడ్డకి కదా" అన్నాను. ఆవిడ పాయసంలో జీడిపప్పు వేస్తూ, తలైనా ఎత్తకుండా, "పేర్లు ఎవరి సొత్తక్కా? బావున్న పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు" అంది. నా చేతికి పాయసం గ్లాసు కూడా ఇచ్చింది. మా అత్తగారు నన్ను పక్కకి పిలిచి, "ఒకే ఇంట్లో ఇద్దరు తితిక్షలేమిటి, నలుగురూ నవ్వుతారు. నీకు వేరే పేరే దొరకదా?" అని తీర్పు చెప్పేసింది. నెల తిరక్కుండా నాకూ ఆడపిల్లే పుట్టింది. దానికి ప్రతి క్లాసులో నలుగురికి ఉండే పేరొకటి పెట్టాం. మా అమ్మాయికి అదేం పట్టదు. "హాయిగా ఉంది, ఆధార్ కార్డులో తప్పు పడలేదు" అంటుంది. అది తండ్రి పోలిక.

నేను మాత్రం ఆ మాట మర్చిపోలేదు. ఎవరైనా పెట్టుకోవచ్చు. ఓహో, అలాగా! అయితే ఎవరైనా పెట్టుకునేలా చేస్తాను, నీ కూతురి పేరుకి విలువ లేకుండా చేస్తాను, చూస్తూ ఉండు అనుకున్నాను. తెలుగు టీచరుకి ఈ ఊళ్ళో ఒక అధికారం ఉంది. ఇక్కడ ఇరవై ఒకటో రోజున తొట్టెల వేడుక చేసి బిడ్డకి పేరు పెడతారు. మంచి పేరు కావాలంటే తెలుగు టీచరమ్మని అడుగుతారు. మొదట అడిగింది మా బడి ఆయమ్మ.

"టీచరమ్మా, మా కొడుకుకు బిడ్డ పుట్టింది. విశాఖ నక్షత్రమంట, 'తి' అచ్చరం మీద పెట్టాలన్నడు అయ్యగారు. నాకు తిరుపతమ్మ తప్ప ఏం యాదికొస్తలేదు. జర మంచి పేరు చెప్పు."

"తితిక్ష" అన్నాను.

"గిదేం పేరమ్మా! తిట్టినట్టే ఉన్నది."

"తిట్టు కాదే, ఓర్పు అని అర్థం."

"అవ్‌నా? మా కోడలికి మస్తు కోపం. బిడ్డకన్న ఓర్పు ఉండనీ" అంది ఆయమ్మ.

ఆ ఒక్క పిల్లకే న్యాయంగా ఆ అక్షరం వచ్చింది. ఆ తర్వాత నేను నక్షత్రాలు అడగడం మానేశాను. "ఈ రోజుల్లో పిలిచే పేరుకి అక్షరంతో పనేముంది, ముఖ్యంగా అర్థం చూసుకోవాలి" అని చెప్పేదాన్ని. అర్థం చెప్పేటప్పుడు గొంతు కాస్త మెత్తగా పెట్టేదాన్ని. ఓర్పు గురించి అంత పగతో పాఠం చెప్పిన టీచరు ఈ జిల్లాలో ఇంకొకరు ఉండరు. పాలవాడి కూతురు, బస్సు డ్రైవరు మనవరాలు, నా దగ్గర చదివి పెళ్ళిళ్ళు చేసుకున్న పిల్లల పిల్లలు. ఒకరిని చూసి ఒకరు, నేను చెప్పకుండానే పెట్టుకోవడం మొదలుపెట్టారు. స్కూలు బ్యాగుల మీద తిథిక్ష, తితీక్ష, టిటిక్ష, ఎవరికి తోచినట్టు వాళ్ళు రాసుకున్నారు. ఇళ్ళల్లో ముసలమ్మలు నోరు తిరగక "తిత్తి" అని పిలిచేవాళ్ళు. అది విన్నప్పుడల్లా నా కడుపు చల్లబడేది. వాట్సాప్ వచ్చాక ప్రతి తొట్టెల ఫ్లెక్సీనీ ఫొటో తీసి మా కుటుంబం గ్రూపులో పెట్టేదాన్ని. కింద ఒక్క ముక్క కూడా రాసేదాన్ని కాదు.

అన్నిటికంటే ఘనమైనది బొంగులూరు నుంచి వచ్చే దారిలో దొరికింది. పసుపుపచ్చ బోర్డు మీద ఎర్రటి అక్షరాలతో "తితిక్ష చికెన్ సెంటర్". పక్కన నవ్వుతున్న కోడిపుంజు బొమ్మ. ఆటో ఆపించి దిగాను. చూస్తే కొట్టువాడు నా స్టూడెంటే, కూతురి పేరు పెట్టుకున్నాడు. "ఒరేయ్, తితిక్ష అంటే ఓర్పు కదరా, కోళ్ళ కొట్టుకి ఆ పేరేమిట్రా?" అన్నాను. "కోళ్ళకు గూడ ఓర్పు ఉండాలె గద టీచర్" అన్నాడు వాడు, కత్తి నూరుకుంటూ. నాన్న ఉంటే ఎంత నవ్వేవాడో! ఫొటో తీసి గ్రూపులో పెట్టాను. మా తోడికోడలు దండం పెడుతున్న బొమ్మ ఒకటి పంపింది. కాలి ఉంటుంది, బాగా కాలి ఉంటుంది అనుకుని ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అదిగో, ఆ కాలిన మొహం కళ్ళారా చూడాలనే నా సభకి ఆవిణ్ణి పనిగట్టుకుని పిలిచాను. పర్సులో నాన్న కార్డు పెట్టుకుని మరీ వెళ్ళాను. అయిదుగురు తితిక్షలు ఒక్కసారి లేచారు. మొహం మాడిందా? మాడలేదు! మొహమంతా వెలిగిపోతోంది. చరచరా వేదిక ఎక్కి, హెడ్మిస్ట్రెస్ చేతిలోంచి మైకు తీసుకుని, "నాకు చాలా గర్వంగా ఉందండీ. ఈ పేరు మొట్టమొదట పెట్టింది మేమే. మా అమ్మాయిని చూసే ఈ ఊరంతా పెట్టుకున్నారు. మా అక్క ఎంత మంచిదంటే ప్రతి ఫొటో నాకు పంపుతుంది. అన్నీ దాచుకున్నాను" అంది. చప్పట్లు! ఇరవై నాలుగేళ్ళు నేను పడ్డ కష్టమంతా ఆవిడ కిరీటానికి రాళ్ళు పొదగడానికే సరిపోయింది. నా వంతు వచ్చి మైకు ముందు నిలబడ్డాను. కార్డు బయటికి తీశాను. కోపంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయమ్మ పరుగున వచ్చి శాలువా కప్పి, "ఏడ్వకు టీచరమ్మ, రోజు వస్తనే ఉండు" అంది. మళ్ళీ చప్పట్లు. ఏడుపు కాదు మొర్రో అంటే ఎవరు వింటారు! కార్డు పర్సులోకి వెళ్ళిపోయింది. అందుకే ఇప్పుడిక్కడ రాస్తున్నాను. ఆ పేరు మా నాన్నది. ఇది మా తోడికోడలు చదవాలి. చదివాక దండం బొమ్మ పంపుతుందో ఏం పంపుతుందో చూస్తాను.

ఉప్మా తింటుంటే ఆవిడ కూతురు నా పక్కన వచ్చి కూర్చుంది. మా ఆయన కాలేజీలోనే నాలుగేళ్ళు చదివిన పిల్ల, ఈ ఊరు కొత్త కాదు. "పెద్దమ్మా, ఒకటి అడగనా? ఊళ్ళో ఇంతమందికి నా పేరు పెట్టించావు. నన్ను మాత్రం ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. ఇదిగో అంటావు, అమ్మాయ్ అంటావు. నేను నీకేం చేశాను?" అంది. నిజమే, పిలవలేదు. ఉయ్యాల్లో ఉన్నప్పుడు కూడా పిలవలేదు. మా తోడికోడలి మీద చూపించవలసిన కోపం కాస్త కాస్తగా ఈ పిల్ల మీద చూపిస్తూ వచ్చాను, అది కనిపెట్టి కూడా ఇన్నాళ్ళూ ఊరుకుంది. కార్డు తీసి దాని చేతిలో పెట్టాను. తుమ్ము రాలేదు దానికి, నస్యం వాసన ఎప్పుడో పోయింది. రెండుసార్లు చదివి, ఇది చూసి వాళ్ళమ్మ ఏమందని అడక్కుండా, జాగ్రత్తగా మడిచి నాకు ఇచ్చేసి లేచింది.

గేటు దగ్గర వాళ్ళమ్మ స్కూటీ స్టార్ట్ చేసి పిలుస్తోంది. పిల్ల సగం దారి వెళ్ళింది. ఏమైతే అయిందని గట్టిగా, "తితిక్షా!" అని పిలిచాను. కుళాయి దగ్గర్నుంచి, ఉప్మా గిన్నె దగ్గర్నుంచి, "ఆఁ టీచర్!", "వస్తున్న టీచర్!" అని కేకలు. యూకేజీ పిల్ల ఉప్మా చేతులతోనే వచ్చి నా పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుంది. గేటు దగ్గర పిల్ల మాత్రం వెనక్కి తిరగలేదు. ఈ ఊళ్ళో ఆ పేరు వినబడితే తనని కాదని దానికి బాగా అలవాటైపోయింది. వాళ్ళమ్మ వెనక కూర్చుని వెళ్ళిపోయింది. మా నాన్న ఆ కార్డు రాయడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది. ఆ పేరుతో ఆ పిల్లని పిలవడానికి నాకు ఇరవై నాలుగేళ్ళు పట్టింది, అప్పటికి అది ఊరందరి పేరూ అయిపోయింది.