బూడిద రంగు చెయ్యి

దయ్యాలంటే నాకు భయం కాదు, విసుగు. మా వాడలో ఎవరికైనా జ్వరమొచ్చి ‘గాలి సోకింది’ అంటే, వాళ్ళతో పోట్లాడి దవాఖానకు పంపేది నేనే. లెక్కల టీచర్ని. రెండు రెళ్ళు నాలుగు కాకపోతే నాకు నిద్ర పట్టదు. ఇప్పటికీ దయ్యాలను నమ్మను. కానీ ఈ ఒక్క సంగతికి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులవి. బడులు మూతపడ్డాయి, బస్సులు డిపో దాటడం లేదు. పొద్దున జనగామ చౌరస్తాలో దీక్షకు కూర్చోవడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి బొమ్మలకు రంగులేయడం, ఇదే నా పని.

బొమ్మలంటే చిన్నపిల్లలవి కావు. నా దోస్తు ఖాజా దుబాయ్ నుంచి సెలవుకొచ్చినప్పుడల్లా బల్ల మీద ఆడే ఒక ఆట పెట్టె తెచ్చేవాడు. నేలమాళిగల్లో, పాడుబడ్డ గుళ్ళలో వీరులు రాక్షసులతో పోరాడే ఆట. ఆ ఏడు తెచ్చింది అడవి పెట్టె. మనిషిలా నిలబడిన బల్లులు, ఈటెలు పట్టిన కప్పలు, మనుషుల్ని చుట్టేసే తీగలు, అన్నీ బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మలు. ముందు అన్నిటికీ బూడిద రంగు పూత వేయాలి, లేకపోతే పైరంగు నిలవదు. తర్వాత సన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఒక్కో పొలుసుకూ రంగు దిద్దాలి. కప్ప వీపు మీద పసుపు చుక్కలు కుదిరాయంటే ఆ పూట నాకు అన్నం కూడా అక్కర్లేదు.

“ముప్పై ఏండ్లొచ్చినయ్, ఇంక బొమ్మలాటేందిరా” అని అమ్మ తిట్టేది.

ఆ పెట్టెలో ఒక అడవి రాణి ఉంది. విరబోసిన జుట్టు, కుడిచేతిలో ఈటె, పక్కన పులి. ఆటలో చివరి శత్రువు ఆమే, ఆమెను చంపితేనే గెలుపు. అమ్మ ఆ బొమ్మను చూసి చెంపలేసుకుంది. మేడారంలో అడవి దేవతల జాతరకు పోయొచ్చిన మనిషికి అడవి, ఈటె, పులి కనిపిస్తే ఇంకేం గుర్తొస్తుంది? ఇది ఎక్కడో విదేశాల్లో ఎవరో ఊహించి చేసిన బొమ్మ అని ఎంత చెప్పినా వినలేదు.

“తల్లిని సంపుడేందిరా? మీ ఆట ఆగం గాను!”

అప్పుడు మా అక్క నిండు చూలాలు. తొలికాన్పు పుట్టింట్లో చేయాలి కాబట్టి భూపాలపల్లి దగ్గరున్న చిట్యాల నుంచి తీసుకొద్దామనుకున్నాం. బస్సుల్లేక అత్తారింట్లోనే ఉండిపోయింది. ఇంకా టైముందిలే అని మేమూ ధైర్యం చెప్పుకున్నాం.

ఒక మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. నొప్పులు ముందే మొదలయ్యాయి, ఆటోలో భూపాలపల్లి దవాఖానకు బయలుదేరామన్నాడు. కాసేపటికి మళ్ళీ ఫోన్. రాస్తారోకోకని రోడ్డుకు అడ్డంగా చెట్లు నరికి పడేశారట, దగ్గర్లో నరమానవుడు లేడట. వెనక అక్క అరుపు వినపడింది. అంతలో లైన్ కట్టయింది.

అప్పుడు నా చేతిలో ఉన్నది ఆ రాణి బొమ్మే. కుడిచెయ్యి అయిపోయింది, ఎడమచేతికి మోచేతి దాకా వచ్చాను. అమ్మ గబుక్కున బొమ్మను లాక్కుని దేవుడి గూట్లో పెట్టింది. ముందు ఇంత బెల్లం ముక్క పెట్టింది. మేడారంలో బెల్లాన్నే బంగారమంటారు.

“నా బిడ్డకు తొవ్వ సూపియ్యి తల్లీ. నిలువెత్తు బంగారం పెట్టుకుంట.”

నాకు ఒళ్ళు మండింది. అక్కడ అక్క ప్రాణం మీదికొస్తే ఇక్కడ ప్లాస్టిక్ ముక్కకు మొక్కడమేంటని అరిచాను. అమ్మ తిరిగి చూడలేదు. నేను చేసింది మాత్రం ఏముంది? ఫోన్ నొక్కడం, కలవకపోతే మళ్ళీ నొక్కడం.

పొద్దుగూకే వేళకు బావ ఫోన్ వచ్చింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. అమ్మా నేనూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

దారులు తెరుచుకున్నాక భూపాలపల్లి వెళ్ళాం. అమ్మ ఇంకా మొక్కు సంగతి ఎత్తనేలేదు, అక్కే మొదలుపెట్టింది.

“చెట్ల కాడ ఆటో ఆగిపోయింది తమ్మీ. నేనింక బతుకననుకున్న. ఒకామె అడవిలకెల్లి వచ్చింది. నా నోట్లె ఇంత బెల్లం పెట్టి ‘భయపడకు బిడ్డా’ అన్నది. ఆటో ముందట నడుసుకుంట, చేన్ల పొంటి తొవ్వ సూపెట్టింది. రోడ్డెక్కినంక చూస్తే లేదు.”

అమ్మ రెండు చేతులూ జోడించింది. నేను లోపల నవ్వుకున్నాను. బెల్లం లేని ఇల్లుంటుందా? కట్టెలకొచ్చిన ఏ తల్లో సాయం చేసింది, ఆమె చల్లగుండాలి అనుకున్నాను.

“పాపం, ఆమె చెయ్యికేమైందో గని” అంది అక్క. “ఎడమ చెయ్యి మోచేతి కిందికెల్లి అంతా బూడిద రంగే. గోర్లు గూడ గదే రంగు.”

అక్క ఆ బొమ్మను ఎన్నడూ చూడలేదు. అమ్మ చూపుకు అంత చిన్న చెయ్యి ఆనదు. కుంచె ఎక్కడ ఆగిందో నాకొక్కడికే తెలుసు.

బావనూ ఆటో అతన్నీ విడివిడిగా అడిగాను. ఆమెను ఇద్దరూ చూశారు, చేతిని మాత్రం గమనించలేదన్నారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అడిగితే అట్లాంటి మనిషెవరూ తెలియదన్నారు. పొయ్యి బూడిద కావచ్చు, సిమెంటు పని కావచ్చు. అట్లా అనుకునే బతుకుతున్నాను. కానీ సరిగ్గా ఎడమచెయ్యి, సరిగ్గా మోచేతి కిందనే ఎందుకు?

తర్వాత అక్క పాపతో జనగామ వచ్చింది. గూట్లోంచి బొమ్మను తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు. మిగిలిన రంగు వేసేస్తానని కుంచె తీశాను.

“వద్దు తమ్మీ, అట్లనే ఉండనీ” అంది. “మల్లెప్పుడన్న కనవడితే గుర్తువట్టాలె గద.”

ఆ చెయ్యి ఇప్పటికీ బూడిద రంగులోనే ఉంది. ఖాజా సెలవుకొచ్చి అడవి ఆట ఆడదామంటే మాత్రం నేను వేరే పెట్టె తీస్తాను. అడవి ఆటలో గెలవాలంటే ఆమెను చంపాలి మరి.